పగలు ఊళ్లో ఉండేది ఎవరు?

పాఠకురాలి ఉత్తరం:

నమస్కారమండీ. మాది ఒంగోలు దగ్గర పల్లెటూరు. పెళ్లయి బెంగళూరు వచ్చి 11 ఏళ్లయింది. బేగూరు రోడ్డులో అద్దెకుంటున్నాం. ఈ ఏడాది అద్దె 34 వేలు చేశారు. మావారి ఆఫీసు ఎలక్ట్రానిక్ సిటీలో, వారానికి మూడు రోజులు వెళ్తారు. నేను ఇంట్లోంచే ఒక సంస్థకి జీఎస్టీ లెక్కలు చూస్తాను. పాప నాలుగో తరగతి, బాబుకి నాలుగేళ్లు. అత్తయ్య మాతోనే ఉంటారు, 68 ఏళ్లు, తెలుగు తప్ప మరో భాష రాదు. మావారు సరిహద్దు దాటి తమిళనాడులో ఉన్న హోసూర్లో బాగలూరు రోడ్డు వైపు ఒక ఇల్లు చూసి వచ్చారు. "ఊళ్లో సగం మంది తెలుగువాళ్లే, ఇంకేం కావాలి" అంటారు. మా ఆడపడుచేమో "బెంగళూరు వదిలి పల్లెటూరికి పోతారా, పిల్లల చదువు పాడవుతుంది" అంటోంది. బ్రోకరు రేటు పెరిగిపోతుందని తొందరపెడుతున్నాడు. అక్కడ తమిళం, తెలుగు, కన్నడం, ఉర్దూ అన్నీ మాట్లాడతారట. అన్ని రకాల వాళ్లుండే చిన్న ఊళ్లో అందరూ మనవాళ్లే అనుకోవాలా, ఎవరూ మనవాళ్లు కారనుకోవాలా? ఆ ఊరు మాకు సరిపడుతుందా?

— ఒక పాఠకురాలు, బెంగళూరు

సమాధానం:

అమ్మా, మీ ఉత్తరంలో మీవారి మాట ఉంది, ఆడపడుచు మాట ఉంది, బ్రోకరు మాట కూడా ఉంది. మీ అత్తగారి మాట మాత్రం లేదు. మీ మాట చివరి రెండు వాక్యాల్లో ఉంది, అదీ ప్రశ్నగా. నేను అక్కడే మొదలుపెడతాను.

మీవారు హోసూర్లో ఉన్నా వారంలో మూడు రోజులు పొద్దున్నే వెళ్లి చీకటి పడ్డాక వస్తారు. ఆ మూడు రోజులూ ఆయనకి అది పడుకునే ఊరు. పగలు ఆ ఊళ్లో ఉండేది మీరూ, మీ అత్తగారూ, పిల్లలూ. పాలవాడితో మాట్లాడేది, కరెంటు పోతే ఎవరికి ఫోన్ చేయాలో తెలుసుకునేది, బడి గేటు దగ్గర మిగతా తల్లులతో నిలబడేది మీరే. ఆయన ఆదివారం వెళ్లి ఇల్లు చూసి వచ్చారు. ఆ ఊరు సరిపడుతుందా లేదా అన్నది మంగళవారం పగలు పదకొండు గంటలకి తెలుస్తుంది. కాబట్టి ఈ నిర్ణయంలో మీ ఇద్దరాడవాళ్ల మాట బరువుగా ఉండాలి. ఇది మీవారి మీద ఫిర్యాదు కాదు. ఆయన చూడగలిగింది ఆయన చూశారు.

హోసూరు నాకు తెలిసిన ఊరు. 1996 నుంచి 2000 దాకా మేమక్కడ అద్దెకున్నాం. మావారికి అప్పుడక్కడ ఫ్యాక్టరీలో పని. ఇంటివాళ్లు కన్నడం వాళ్లు, ఎదురింట్లో సేలం నుంచి వచ్చిన తమిళ కుటుంబం, పక్కన ఇంట్లో ఉర్దూ మాట్లాడే దర్జీ, ఆయన భార్య, ముగ్గురు పిల్లలు. ఆ రోజుల్లో కుళాయి రోజూ వచ్చేది కాదు. వచ్చిన రోజున వీధి చివర బిందెల వరస. ఆ వరసకి పెద్ద ఆ దర్జీ భార్యే. ఎవరూ ఆమెని నియమించలేదు. తమిళామెతో తమిళం, మా ఇంటామెతో కన్నడం, నాతో తెలుగు మాట్లాడుతూ, ఎవరి బిందె ఎవరి వెనకో గుర్తుపెట్టుకునేది. నా వంతు వస్తే "నీదేనమ్మా, పట్టుకో" అనేది. ఆమె బడికి వెళ్లినట్టు లేదు, నాలుగు భాషలు ఆ వీధిలోనే వచ్చాయి. నాకేమో డిగ్రీ ఉండి కూడా నాలుగేళ్లలో తమిళం బస్సు బోర్డు చదవడం రాలేదు. ఆ సంగతి తలుచుకుంటే ఇప్పటికీ బాధే. ఎందుకు రాలేదో చెప్తాను, అది మీకు పనికొస్తుంది.

మొదటి ఏడాదంతా నేను మా కోస్తావాళ్ల ఇళ్లకే తిరిగాను. ఫ్యాక్టరీల్లో పనిచేసే గుంటూరు, నెల్లూరు కుటుంబాలు పది దాకా ఉండేవి. పండగలకి ఒకరింటికి ఒకరం. మనవాళ్లంటే వాళ్లే అనుకున్నాను. సంతలో కూరగాయలమ్మే ఆమె కూడా తెలుగే మాట్లాడేది, కానీ ఆ తెలుగు నా చెవికి ఎక్కలేదు. నేను ఉల్లిపాయలంటే ఆమె "ఎర్రగడ్డలా?" అనేది. వేరుశనగ అంటే "చెనిక్కాయలా?" అనేది. "యాడ ఉండేది మీరు?" అని అడిగితే తెలుగు సరిగా రాని మనిషి అనుకున్నాను. నాది తప్పు. ఆమెది ఎక్కడినుంచో వలస వచ్చిన తెలుగు కాదు, అక్కడి నేల తెలుగు. హోసూరు, దానికి ఆనుకుని ఉన్న బాగలూరు, బేరికె, శూలగిరి, డెంకణికోట పల్లెలు, ఇటు కోలారు, అటు చిత్తూరు పడమటి సీమ, ఇదంతా కలిపి మొరసునాడంటారు. రాష్ట్రాల గీతలు గీసినప్పుడు ఆ మొరసునాడు మూడు ముక్కలైంది. హోసూరు ముక్క మద్రాసు రాష్ట్రంలో ఉండిపోయింది. వాళ్లు ఎక్కడికీ కదల్లేదు, గీతే వాళ్ల ఇళ్ల మీదుగా వెళ్లింది. 2024లో కృష్ణగిరి ఎంపీ గోపీనాథ్ లోక్‌సభలో తెలుగులో ప్రమాణం చేస్తే మన టీవీల్లో ఆశ్చర్యంగా చూపించారు. హోసూరు వాళ్లకి అందులో ఆశ్చర్యం ఏముంటుంది? ఆయన ఆ ఊరి ఎమ్మెల్యేగా చేసిన మనిషి.

అందుకని మీవారు చెప్పే "సగం" లెక్కని పక్కన పెట్టండి. సగమైనా పావైనా, ఆ తెలుగువాళ్లు మీ ఒంగోలు వాళ్లు కారు. మీకు స్వాగతం చెప్పడానికి ఎదురుచూస్తూ కూర్చోలేదు. వాళ్లకి వాళ్ల చుట్టాలున్నారు, వాళ్ల జాతరలున్నాయి, వాళ్ల ఇళ్లలో సంగటి ఉంది. వాళ్లలో చాలామందికి తమిళం కన్నడం కూడా సొంత భాషల్లాగే వస్తాయి. భాష కలిసింది గనక మనిషి కలిసినట్టే అనుకుంటే మొదటి మూడు నెలల్లోనే మీ మనసు చిన్నబోతుంది. మీ అత్తగారికి మాత్రం ఆ తెలుగు పెద్ద ఆసరా. బేగూరు రోడ్డు అపార్ట్‌మెంట్లో ఆవిడ రోజంతా ఎవరితో మాట్లాడుతున్నారు? లిఫ్టులో కలిసినవాళ్లకి ఒక నవ్వు నవ్వి లోపలికి వచ్చేస్తుంటారు, అవునా? హోసూరు పాత ఊళ్లో ఆవిడ గుమ్మంలో కూర్చుంటే, పూలమ్మే మనిషితో ధర గురించి కాసేపు గొడవ పెట్టుకోవచ్చు. అరవై దాటినవాళ్లకి ఇది చిన్న విషయం కాదు.

అయితే "పాత ఊళ్లో" అన్నాను, గమనించండి. హోసూర్లో రెండు పొరలున్నాయి. మొదటిది ఇప్పటిదాకా చెప్పింది, నాలుగు భాషలు తరతరాలుగా ఒకే సంతలో బేరమాడుకునే ఊరు. రెండోది 1970లలో సిప్‌కాట్ పారిశ్రామికవాడ వచ్చాక పేరుకుంది. అశోక్ లేలాండ్, టీవీఎస్, టైటాన్ ఫ్యాక్టరీలు వచ్చాయి, వాటికి విడిభాగాలు చేసే చిన్న షెడ్లు వందల్లో పుట్టుకొచ్చాయి. సేలం, మదురై, కేరళ నుంచి జనం వచ్చారు, ఆ తర్వాత బిహారు, ఒడిశాల నుంచి వచ్చారు. ఈ మధ్య మనలాగా బెంగళూరు అద్దెలు మోయలేక వచ్చేవాళ్లు. ఈ రెండో పొర ఎక్కువగా కొత్త లేఅవుట్లలో ఉంటుంది. గేటు, కెమెరా, వాట్సాప్ గ్రూపు, పక్కింటివాళ్ల పేరు తెలియకపోవడం. అలాంటి లేఅవుట్లో కొంటే మీరు బేగూరు రోడ్డునే 30 కిలోమీటర్లు దూరం జరుపుకున్నట్టు. చుట్టూ ఎన్ని భాషలున్నా మీ చెవిన పడవు. మీవారు చూసిన ఇల్లు ఏ రకం? ఇంటినుంచి కిరాణా కొట్టుకి, గుడికి, మందుల షాపుకి అత్తగారు ఒక్కరే నడిచి వెళ్లి రాగలరా? నాకు మిగతా అన్నింటికన్నా ఈ ప్రశ్నే ముఖ్యం. నడిచి వెళ్లలేని చోటైతే ఎంత చవకగా వచ్చినా వద్దంటాను.

ఇంకోటి కూడా దాచకుండా చెప్పాలి. అన్ని రకాల వాళ్లుండే ఊరంటే అందరూ కలిసిపోయిన ఊరని కాదు. సంతలో కలుస్తారు, బస్సులో కలుస్తారు, ఫ్యాక్టరీ షిఫ్టులో కలుస్తారు. ఇల్లు అద్దెకడిగితే మాత్రం "ఏమ్మా, మీరేమిట్లు?" అని అడుగుతారు. మాంసం వండుతారా అని అడుగుతారు. కొన్ని వీధుల్లో మా దర్జీ కుటుంబానికి ఇల్లు దొరకలేదు, ఆమే నాకు చెప్పింది, గొంతు కూడా పెంచకుండా చెప్పింది. బెంగళూర్లో ఇది లేదా అంటే ఉంది, మీకూ తెలుసు. చిన్న ఊళ్లో అది కాస్త ఎక్కువగా కళ్లకి కనిపిస్తుంది, అంతే. అందుకే కొనడానికి ముందు అద్దె ఇల్లు వెతకమంటాను. ఇల్లు వెతుకుతూ నాలుగు వీధులు తిరిగితే ఏ వీధి ఎలాంటిదో, ఎవరు ఎవరిని పక్కన ఉండనిస్తారో తెలిసిపోతుంది. అలా తెలిశాక, మీ పిల్లలు ఏ వీధిలో పెరగాలో మీరే తేల్చుకుంటారు. అన్ని రకాల పిల్లలూ ఒకే చోట ఆడుకునే వీధి దొరికితే, బాత్రూంలో టైల్స్ బాగా లేకపోయినా అదే తీసుకోండి.

ఇక చదువు. మీ ఆడపడుచు భయం తీసిపారేసేది కాదు, కానీ ఆవిడ అనుకుంటున్న కారణం వేరు, అసలు కారణం వేరు. హోసూర్లో మంచి బళ్లున్నాయి. చిక్కల్లా రాష్ట్రం మారడంతోనే. తమిళనాడు 2006లో ఒక చట్టం చేసింది. ఒకటో తరగతితో మొదలుపెట్టి ఏడాదికో తరగతి చొప్పున పదో తరగతి దాకా తమిళం తప్పనిసరి చేసుకుంటూ వచ్చారు. 2015-16 నుంచి సీబీఎస్‌ఈ లాంటి వేరే బోర్డుల బళ్లకీ ఇదే పద్ధతిలో వర్తింపజేశారు. తరతరాలుగా అక్కడే ఉన్న తెలుగు, కన్నడ, ఉర్దూ కుటుంబాల పిల్లలే పదో తరగతి పరీక్షలో తమిళం నుంచి మినహాయింపు కోసం కోర్టులకి వెళ్లారు. 2023లో సుప్రీంకోర్టు దాకా వెళ్లి ఆ ఏడాదికి మినహాయింపు తెచ్చుకున్నారు. నాకు ఇందులో పక్షం ఉంది: పిల్లకి అమ్మభాష చదువుకునే వీలు ఉండాలి, ఉన్న ఊరి భాష కూడా రావాలి. ఒకదానికోసం ఇంకోదాన్ని వదులుకోమనకూడదు. కానీ మీ పాప విషయంలో చట్టంతో పోట్లాడే తీరిక మీకుండదు. మీరు చూడాల్సింది వయసు.

బాబుకి బెంగలేదు. నాలుగేళ్లవాడు ఆరు నెలల్లో వీధిలో తమిళం పట్టేస్తాడు, మీకు అర్థం కాకుండా తిట్టడం కూడా నేర్చేసుకుంటాడు. పాప సంగతే ఆలోచించాలి. ఇప్పటికే బడిలో కన్నడం చదువుతోంది, ఇప్పుడు దానిమీద తమిళ అక్షరాలు మొదలుపెట్టాలి. తమిళంలో అక్షరాలు మనకన్నా తక్కువ, క, ఖ, గ, ఘ నాలుగింటికీ ఒకటే అక్షరం. రాయడం త్వరగా వస్తుంది, ఎక్కడ క అనాలో ఎక్కడ గ అనాలో చెవిని బట్టి రావాలి. అది పుస్తకంలో రాదు, ఆటలో వస్తుంది. తొమ్మిది, పదేళ్ల వయసులో ఇది జరిగిపోతుంది. పద్నాలుగేళ్లప్పుడు జరగదు. బడిలో చేర్చే ముందు, వేరే రాష్ట్రం నుంచి మధ్యలో వచ్చిన పిల్లకి తమిళం విషయంలో ఏం చేస్తారు, పదో తరగతిలో ఏ పరీక్ష రాయాలి అన్నది ప్రిన్సిపాలుని కాగితం మీద రాసివ్వమనండి. "అదేం పర్లేదండీ, చూసుకుందాం" అనే మాట తీసుకుని వెనక్కి రావద్దు. మా ఇంట్లో ఒక బిడ్డకి ఇలాంటి మాటే నమ్మి, తర్వాత రెండేళ్లు ట్యూషన్లకి తిరిగాం.

పై చదువు లెక్క కూడా ఇప్పుడే వేసుకోవాలి. ఇప్పటి నిబంధనల్లో తమిళనాడులో మెడికల్ సీటుకి స్థానికత పేచీ లేకుండా ఉండాలంటే ఆరు నుంచి పన్నెండు దాకా అక్కడ చదివి ఉండాలి, ఇంజనీరింగుకి ఎనిమిది నుంచి పన్నెండు దాకా. కర్ణాటకలో సీఈటీకి ప్రధానంగా చూసేది ఒకటి నుంచి పన్నెండు లోపు ఏడేళ్ల చదువు. మీరు కదలదలిస్తే పాప ఆరో తరగతికి వచ్చేలోపు కదలండి, లేదంటే ఇంటరయ్యేదాకా బెంగళూర్లోనే ఉండండి. తొమ్మిదో తరగతిలో కదిలితే పిల్ల రెంటికీ చెడిన రేవడి అవుతుంది. మీ ఉత్తరంలో గడువంటూ ఉంటే ఇదొక్కటే. బ్రోకరు చెప్పే గడువు గడువు కాదు.

తెలుగు ఎలా అని మీరు అడగలేదు గానీ అడుగుతారని తెలుసు. హోసూరు ప్రాంతంలో తెలుగు మాధ్యమం సర్కారు బళ్లు ఉన్నాయి, కానీ మీరు పిల్లల్ని వాటిలో వేయరు, నేనూ వేయమనడం లేదు. బెంగళూర్లో ఉన్నా మీ పాపకి బడిలో తెలుగు రావడం లేదు కదా. ఇంట్లో నేర్పండి. కన్నడం చదివే పిల్లకి తెలుగు అక్షరాలు కొత్తవి కావు, తలకట్టు తేడా చూపిస్తే వేసవి సెలవుల్లో చదివేస్తుంది. ఆ పని నాన్నమ్మకి అప్పజెప్పండి.

ఇక రోడ్డు. ఎలక్ట్రానిక్ సిటీ నుంచి హోసూరుకి 20 కిలోమీటర్ల పైచిలుకు. దూరం భయపెట్టేది కాదు, మధ్యలో అత్తిబెలె దగ్గర రాష్ట్రం మారుతుంది, అది గుర్తుంచుకోవాలి. 2025 ఆగస్టులో మొదలైన మెట్రో పసుపు మార్గం బొమ్మసంద్ర దాకానే. హోసూరు దాకా పొడిగిస్తారన్న మాట చాలాకాలంగా వింటున్నాం. రైలెక్కేదాకా దాన్ని లెక్కలోకి తీసుకోకండి. మామూలు రోజున మీవారి ప్రయాణం ఇప్పటికన్నా పెద్ద తేడాగా ఉండదు. మామూలు కాని రోజులుంటాయి. 2016 సెప్టెంబరులో కావేరి గొడవ ముదిరి బెంగళూర్లో తమిళనాడు బస్సులు తగలబెట్టారు. రెండువైపులా బస్సులు ఆపేస్తే జనం అత్తిబెలె నుంచి గీత అవతల జూజువాడి వైపు మూటలు, పిల్లల్ని ఎత్తుకుని నడిచారు. మా మరిది కొడుకు అలా నడిచి ఇల్లు చేరాడు, ముందూ వెనకా తమిళం, కన్నడం, తెలుగు మాట్లాడుతూ నడిచే జనమే, ఒకరి నీళ్ల సీసా ఒకరు తాగుతూ వచ్చామని చెప్పాడు. 2020లో కరోనా వచ్చినప్పుడు అదే గీత దాటడానికి ఈ-పాస్ కావాల్సి వచ్చింది. ఇలాంటివి ఏళ్లకోసారి వస్తాయి. వచ్చినప్పుడు ఇంట్లో మీరూ, ముసలావిడా, ఇద్దరు పిల్లలూ ఉంటారు, ఆయన అవతలి పక్క చిక్కుకుని ఉంటారు. ఆ రెండు రోజులు మీకెవరున్నారు? ఎదురింటి వాళ్లు. వాళ్లది ఏ భాషయినా సరే, వాళ్ల పేర్లు మీకు ముందే తెలిసుండాలి.

బండి సంగతి త్వరగా చెప్తాను. కర్ణాటక నంబరుతో వేరే రాష్ట్రంలో 12 నెలలకి మించి ఉంచితే అక్కడ మళ్లీ రిజిస్టర్ చేయించాలి, ఇక్కడి ఆర్టీవో నుంచి ఎన్‌వోసీ తెచ్చుకోవాలి. దీనికి కొంత ఖర్చు పక్కన పెట్టుకోండి.

నీళ్ల దగ్గర కాసేపు ఆగాలి. ఆ జిల్లాలో భూగర్భ జలంలో ఫ్లోరైడ్ ఎక్కువ. అందుకే హొగెనక్కల్ నుంచి కావేరి నీళ్లు తెచ్చే పథకం పెట్టారు, 2013 నుంచి నడుస్తోంది. మీరు చూసే ఇంటికి ఆ కుళాయి ఉందా, బోరు మీదే ఆధారమా? బోరైతే నీళ్లు పరీక్ష చేయించండి. పళ్లు వచ్చే వయసులో ఉన్న బాబున్నాడు మీకు. ఇంకో మాట. హోసూరు పక్కన కెలవరపల్లి జలాశయం ఉంది, దక్షిణ పినాకిని మీద. నెల్లూరు వెళ్లే మన పెన్న ఉత్తర పినాకిని, ఇది దాని తోబుట్టువు, రెండూ నంది కొండల్లో పుట్టాయి. బెంగళూరు మురుగు బెళ్లందూరు, వర్తూరు చెరువుల మీదుగా ఆ నదిలోకి పోయి, కెలవరపల్లి దగ్గర తెల్లగా నురగై తేలుతుంది. మనం ఇక్కడ వదిలింది అక్కడ వాళ్లు చూస్తున్నారు. హోసూరు చవక అని మనం అనుకునేటప్పుడు ఈ సంగతి కూడా తెలిసుండాలని చెప్తున్నాను.

పల్లెటూరు అన్నారు మీ ఆడపడుచు. 2019లో అది కార్పొరేషనయింది. బొమ్మసంద్రలో పెద్ద గుండె ఆసుపత్రి బేగూరుకీ హోసూరుకీ మధ్యలోనే ఉంది. హోసూరు పక్క తొరపల్లిలో 1878లో పుట్టిన రాజగోపాలాచారి హోసూరు బళ్లో చదివి, ఇదే దారిన బెంగళూరు సెంట్రల్ కాలేజీకి వచ్చారు. దేశానికి గవర్నర్ జనరల్ అయ్యారు. ఆ ఊరి పిల్లలకి చదువు రాదనడానికి వీల్లేదు.

బ్రోకరు తప్పకుండా విమానాశ్రయం మాట ఎత్తి ఉంటాడు. 2024 జూన్‌లో తమిళనాడు ప్రభుత్వం హోసూర్లో 2,000 ఎకరాల్లో విమానాశ్రయం కడతామని ప్రకటించింది నిజమే. బెంగళూరు విమానాశ్రయం ఒప్పందంలో 2033 దాకా 150 కిలోమీటర్ల లోపు మరోటి రాకుండా షరతుందన్నదీ నిజమే. ఇంటి ధరలో విమానాశ్రయం కలిపి అమ్మితే మీరు కొనేది ఇల్లు కాదు, ఎదురుచూపు. కాగితాల దగ్గరికి వస్తే, పట్టా ఎవరి పేర ఉంది, డీటీసీపీ, అంటే అక్కడి పట్టణ ప్రణాళికా శాఖ, అనుమతి ఉందా, విల్లంగం అంటే ఆస్తి మీద లావాదేవీలు, తాకట్లు చూపే ఈసీ ఎన్నేళ్లది తీశారు, ఇవి మీవారూ బ్రోకరూ కాకుండా అక్కడి లాయరు ఒకరు చూడాలి. దస్తావేజులు తమిళంలో ఉంటాయి. చదవలేని కాగితం మీద సంతకం పెట్టకండి, ఎవరు చదివి వినిపించినా సరే.

నా అభిప్రాయం అడిగారు గనక చెప్తాను: వెళ్లండి, కొనకండి. ఈ వేసవిలో పాత ఊరికి దగ్గరగా ఒక ఏడాదికి అద్దెకి దిగండి. బేగూరు రోడ్డు అద్దె మిగిలిన దాంట్లోంచి పాపకి తమిళం చెప్పే టీచరుకి ఇవ్వండి. అదే టీచరు దగ్గర మీరూ కూర్చోండి, నేను చేయనిది అదే. ఏడాదయ్యాక కొనాలా వెనక్కి రావాలా అన్నది పిల్లలు, అత్తగారు, మీరు చెప్పండి, మీవారు వింటారు. ఒక్క షరతు. మీ సంస్థవాళ్లు రోజూ ఆఫీసుకి రమ్మనే అవకాశం ఉందేమో ముందు స్పష్టంగా అడిగి తెలుసుకోండి. మీరిద్దరూ రోజూ ఆ గీత దాటి వెళ్లాల్సి వస్తే పగలు ఆ ఇంట్లో మిగిలేది ముసలావిడా చంటివాడూ. అలాగైతే నేను వెళ్లమనను, బేగూరు రోడ్డులోనే అద్దె కట్టుకోండి.

అందరూ మనవాళ్లా, ఎవరూ కారా అని అడిగారు కదా. నేను హోసూరు వదిలి వచ్చేరోజు కోస్తా కుటుంబాలవాళ్లంతా వచ్చి బట్టలు పెట్టారు. లారీ కదిలాక వెనక్కి చూస్తే వీధి చివర దాకా నడిచి వచ్చింది దర్జీ భార్య. ఆమె తెలుగులో ఏదో అంది, లారీ శబ్దంలో వినపడలేదు. నాలుగేళ్లు పక్కింట్లో ఉండి నేను ఆమె భాషలో ఒక్క మాట నేర్చుకోలేదు. అది నేను ఇప్పటికీ మోస్తున్నాను. మీరు మోయనక్కర్లేదు.

ఇప్పుడు చేయాల్సింది ఒకటే. వచ్చే మంగళవారం మీవారు లేకుండా అత్తగారిని తీసుకుని హోసూరు వెళ్లండి. పొద్దున్నే ఉళవర్ సందైకి, అంటే అక్కడి రైతుబజారుకి వెళ్లండి. మన రైతుబజార్లు మొదలైన 1999లోనే తమిళనాడులో అవీ మొదలయ్యాయి. అత్తగారి చేతికి సంచి, 300 రూపాయలు ఇచ్చి, మీరు గేటు దగ్గర ఆగిపోండి. ఆవిడనే వెళ్లి కొనుక్కోమనండి. అరగంట పట్టినా లోపలికి వెళ్లకండి. బయటికి వచ్చాక సంచిలో ఏముందో చూడకండి, ఎవరితో ఏం మాట్లాడారో అడగండి. ఆవిడ ఎంతసేపు చెప్తారో చూసి, నాకు మళ్లీ రాయండి.